ఒంటరిగా ఊరు చూడనివ్వండి

కొరాపుట్, రాయగడల నుంచి చదువుకోసం విశాఖ వచ్చే మన పిల్లల్లో చాలామందికి హాస్టలూ కాలేజీ తప్ప ఊరు తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఆ ప్రాంతాలు విశాఖ జిల్లావే. 1933లో తెరుచుకున్న విశాఖ రేవుకు మధ్య భారతం సరుకును చేర్చింది రాయగడ మీదుగా వేసిన రైలుమార్గమే. మనతో ఇంతగా ముడిపడిన ఈ ఊరిని పిల్లలు తిరిగి చూడాలి. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి చందువ, వంజరం చేపల వేలంపాట వినాలి. పాతపోస్టాఫీసు దగ్గర దిగి రాస్‌హిల్ ఎక్కితే పక్కపక్క కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి. కింద డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి రేవు కాలువలోకి మెల్లగా వచ్చే ఓడ. గుంపుతో వెళ్తే సెల్ఫీలు మిగులుతాయి. ఒంటరిగా తిరిగితే దారి అడగడం, మనుషుల్ని అంచనా కట్టడం, తన మీద తనకు నమ్మకం వస్తాయి. జాగ్రత్తలు చెప్పండి, ఫోన్ చేయమనండి; కానీ అమ్మానాన్నలూ, ఆడపిల్లలతో సహా పిల్లల్ని ఒంటరిగా ఊరు చూడనివ్వండి.