గోలు ముందు నిలిచినవాడు

మంచు మీద ఆడే హాకీ మన నేల ఆట కాదు. మనమెరిగిన హాకీ మైదానంలో బంతితో ఆడేది. కెనడా, అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, రష్యా మొదలైన చలి దేశాలలో శీతకాలమంతా జనాన్ని కట్టిపడవేసే ఐస్ హాకీలో బంతికి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాని వెడల్పు 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు 6 ఔన్సులకు మించదు. కాని బలమైన ఆటగాడు కొట్టినపుడు అది గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దూసుకువస్తుంది. 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల గోలుకు అడ్డంగా నిలిచి దానిని ఆపవలసినవాడు గోలీ. తక్కిన ఆటగాళ్లు కొద్దిసేపు ఆడి, బెంచీ మీదికి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగుతారు. గోలీకి ఆ వెసులుబాటు లేదు. ఆట సాగే 60 నిమిషాలూ అతడు అక్కడే ఉండాలి. మరొకరు చేసిన పొరపాటు గోలు దాకా రాకపోవచ్చు గాని, అతని పొరపాటు మాత్రం వెంటనే అంకెగా మారి పలక మీద కనిపిస్తుంది.

ఈ వృత్తిలో ప్రవేశించే మార్గం పైకి చక్కగానే కనిపిస్తుంది. ఐదారేళ్ల వయస్సులో చక్రాలు లేని స్కేట్లు కట్టుకొని మంచు మీదికి దిగడం, పదహారేళ్లకు జూనియర్ జట్టులోనో ఆపైన కళాశాల జట్టులోనో చేరడం, 18 ఏళ్లకు నేషనల్ హాకీ లీగ్ ఎంపికలో పేరు వినిపించుకోవడం, కొన్నాళ్లు దిగువ లీగులో ఆడి పైమెట్టు ఎక్కడం. ఈ వరుసలో 18 ఏళ్ల నాటి ఎంపికకు ఎనలేని ప్రాధాన్యం ఉంది. ఎవరిని ఎన్నవ స్థానంలో ఎన్నుకున్నారో ఆ సంఖ్య ఆ యువకుని పేరుకు అతుక్కుపోతుంది. ఇంటర్మీడియట్ పూర్తయ్యే వయస్సులో పడే ఇటువంటి ముద్ర ఎటువంటిదో మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

గోలీల విషయంలో ఈ ముద్ర చాలా తరచుగా తప్పుతుందని నా అభిప్రాయం. 2000వ సంవత్సరపు ఎంపికనే చూడండి. అందరికంటె ముందు, మొదటి స్థానంలో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు రిక్ డిపియెట్రో అనే గోలీని ఎన్నుకున్నది. 2006లో అతనితో 15 ఏళ్లకు, 6 కోట్ల 75 లక్షల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకున్నది. గాయాల పాలైన అతడు మొత్తం 318 ఆటలు మాత్రమే ఆడగలిగాడు. 2013లో జట్టు ఆ ఒప్పందాన్ని తెంచుకున్నది. అదే ఎంపికలో 205వ స్థానం దాకా ఎవరూ పట్టించుకోని స్వీడన్ యువకుడు హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2006లో తన దేశానికి ఒలింపిక్ స్వర్ణం, 2012లో ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ సాధించి, 2023లో హాకీ కీర్తి మందిరంలో చేరాడు. డిపియెట్రో శరీరం సహకరించకపోవడం అతని నేరం కాదు. 2003లో మొదటి స్థానంలో ఎంపికైన మార్క్ ఆండ్రీ ఫ్లూరీ మూడు స్టాన్లీ కప్పులు గెలిచిన మాటా నిజమే. తూచేవారి తక్కెడ ఎప్పుడూ తప్పుతుందని నేననడం లేదు. 18 ఏళ్ల వయస్సు ఆ తూకానికి తగిన సమయం కాదంటున్నాను.

దీనికి కారణం ఆ పనిలోనే ఉంది. ముందు వరుసలో ఆడే కుర్రవానిని ఒక ఆటలో ఐదారు నిమిషాలపాటు దింపి పరీక్షించవచ్చు. గోలీ విషయంలో అది సాధ్యం కాదు. ఉన్నది ఒకే స్థానం; అందులో పెద్దవాడుంటే చిన్నవాడు తలుపు దగ్గర కూర్చోవలసిందే. పైగా గోలీకి కావలసినది కాలి వేగం మాత్రమే కాదు. ఎదుటివాని భుజం ఎటు వంగింది, కర్ర ఏ కోణంలో తిరిగింది, ముగ్గురు మనుషుల వెనుక దాగిన పక్ ఎక్కడినుండి రాబోతున్నది అని పసిగట్టే చూపు కావాలి. తొందరపడి కదలకుండా ఉండే నిగ్రహం కావాలి. ఇవి వేల దెబ్బలు ఎదుర్కొన్న తరువాత గాని అలవడవు.

టిమ్ థామస్ జీవితం దీనికి మంచి ఉదాహరణ. 1974లో అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో పుట్టిన ఇతని శిక్షణ శిబిరం ఖర్చు కోసం తల్లిదండ్రులు తమ పెళ్లి ఉంగరాలు అమ్ముకున్నారు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, 1994లో క్విబెక్ జట్టు ఇతనిని 217వ స్థానంలో ఎన్నుకున్నది. ఆ తరువాతి పదేళ్లు అమెరికాలోని చిన్న లీగులు, ఫిన్లాండ్, స్వీడన్, మళ్లీ అమెరికా, మళ్లీ ఫిన్లాండ్. నేషనల్ హాకీ లీగ్‌లో 2002-03లో నాలుగు ఆటలకు అవకాశం వచ్చి పోయింది. 2005-06లో బోస్టన్ జట్టు గోలీలు గాయపడినపుడు గాని అతనికి నిలకడైన చోటు దొరకలేదు. అప్పటికి వయస్సు 31. 2009లో వెజినా ట్రోఫీ గెలిచాడు. మరుసటి ఏడాదే ఒక యువకునికి స్థానం అప్పగించి తుంటి శస్త్రచికిత్సకు వెళ్లాడు. ఇక ముగిసిందనుకున్న మనిషి 2010-11లో తిరిగి వచ్చి, తనమీదికి వచ్చిన ప్రతి వేయి దెబ్బలలో 938 ఆపి, లీగ్‌లో అప్పటికి ఉన్న రికార్డును అధిగమించాడు. 2011 జూన్ 15న వాంకూవర్‌లో జరిగిన ఏడవ, చివరి ఆటలో ఒక్క గోలూ ఇవ్వలేదు. 1972 తరువాత బోస్టన్‌కు స్టాన్లీ కప్ రావడం అదే మొదలు.

ఇటువంటి కథ వినగానే, ఓపిక పట్టినవానికి ఫలితం తప్పక దక్కుతుందని చెప్పబుద్ధి అవుతుంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. నేడు లీగ్‌లో ఉన్నవి 32 జట్లు. జట్టుకు ఇద్దరు చొప్పున గోలీల కొలువులు 64. థామస్‌తో పాటు అవే చిన్న లీగుల బస్సులలో రాత్రులు ప్రయాణించి, అంతే ఓపిక పట్టి, పిలుపు రాకుండానే ఇంటిదారి పట్టినవారెందరో. వారి పేర్లు మనకు తెలియవు. వారిలో లోపించినది ఓర్పు కాదు. బోస్టన్‌లో ఇద్దరు గోలీలు గాయపడకపోయి ఉంటే థామస్ పేరు కూడా మనకు తెలిసేది కాదేమో!

ఈ వృత్తి పుచ్చుకునే మూల్యం మరొకటి ఉంది. 1959 దాకా గోలీలు దాదాపు అందరూ ముఖానికి ఏ అడ్డూ లేకుండానే ఆడేవారు. ఆ ఏడాది నవంబరు 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. కుట్లు వేయించుకున్న ప్లాంట్, తాను సాధనలో వాడుకునే ముసుగు లేకుండా తిరిగి దిగనన్నాడు. ముసుగు చూపుకు అడ్డమని, ధైర్యానికి లోటని అంతవరకు వద్దన్న శిక్షకుడు టో బ్లేక్ ఆ రాత్రి ఒప్పుకోక తప్పలేదు. అతని మనసు కరిగి కాదు. ఆ రోజులలో జట్టుకు రెండవ గోలీ ఉండేవాడు కాడు! మాంట్రియల్ ఆ ఆట గెలిచింది. ముఖం పగలడమే ధైర్యమని ఒక తరం నమ్మిందంటే నేడు నవ్వు వస్తుంది. కాని ఆనాడు మొండివాడన్న పేరు ప్లాంట్‌కే వచ్చింది.

ముసుగు ముఖాన్ని కాపాడింది గాని, పుర్రె లోపలి కుదుపును ఏ ముసుగూ పూర్తిగా ఆపలేదు. 2013 డిసెంబరులో, ఫ్లోరిడా జట్టులో ఉండగా, థామస్ తలకు దెబ్బ తగిలింది. మరునాటి ఉదయం ఏమి తినాలో, ఎటు వెళ్లాలో కూడా నిర్ణయించుకోలేకపోయానని అతడు తరువాత చెప్పాడు. అయినా ఆ ఏడాది ఆట కొనసాగించి, 2014లో విరమించాడు. ఆపైన తీసిన స్కానులో మెదడులో మూడింట రెండు వంతులకు 5 శాతం లోపే రక్తం అందుతున్నదని తేలింది. ఏళ్ల తరబడి అతడు ఎవరికీ కనిపించలేదు. తనకు ప్రాణమైన ఆటను టీవీలో చూసి అర్థం చేసుకునే శక్తి కూడా కొంతకాలం లేకపోయింది.

2019 డిసెంబరులో అమెరికా హాకీ కీర్తి మందిర గౌరవం అందుకోవడానికి వాషింగ్టన్ వచ్చినపుడు గాని అతడు ఈ సంగతి బయటపెట్టలేదు. ఇంత మూల్యానికి ఆ ఆట తగినదేనా అని విలేఖరులు అడిగారు. తగినదని ఒకప్పుడు తాను అనుకోలేదని, ఇప్పుడా దశను దాటానని, దీనివల్ల ఎన్నో నేర్చుకున్నానని అతడు బదులిచ్చాడు. పత్రికలకు ఆ చివరి మాట నచ్చుతుంది. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. దానిని అతడు చీకటి గదిలో, ఎవరూ వినని వేళ, తనకు తానే చెప్పుకొని ఉంటాడు.