భారతి మోసగత్తె అట!

మొన్న మా స్టాఫ్ రూములో పెద్ద చర్చ. నీరజ్ ఘైవాన్ తీసిన 'గీలీ పుచ్చీ' చూశారట. 2021లో 'అజీబ్ దాస్తాన్స్' అని నాలుగు కథలు కలిపి వదిలిన దాంట్లో అదొక పొట్టి సినిమా. (ఘైవాన్ హైదరాబాదులో పుట్టినవాడే. దళితుణ్ణని బాహాటంగా చెప్పుకున్నవాడే.) "సినిమా బాగుంది మాస్టారూ, కానీ ఆ భారతి అంత కుట్ర చెయ్యడమే బాలేదు. నమ్మినదాన్ని ముంచేసింది" అన్నాడొక సారు. తలలన్నీ ఊగాయి.

సరే, ఎవరు ఎవర్ని ముంచారో లెక్క చూద్దాం. భారతి మండల్ ఫ్యాక్టరీలో మగాళ్ల మధ్య మిషను మీద పనిచేసే దళిత స్త్రీ. చదువుంది. ఆఫీసులో డేటా ఆపరేటర్ ఉద్యోగం అడిగింది. ఇవ్వలేదు. ప్రియా శర్మకిచ్చారు. అంటే కథ మొదట్లోనే ముంచడం అయిపోయింది. దాన్ని మాత్రం ఎవరూ కుట్ర అనరు, మేనేజిమెంటు నిర్ణయం అంటారు!

తర్వాత ఇద్దరూ దగ్గరయ్యారు. ఉత్త స్నేహం కాదు, ప్రేమే. భారతి తన పేరు బెనర్జీ అని చెప్పుకుంది. అబద్ధమాడింది కదా అంటారు మావాళ్లు. అయ్యా, వెనక ఒక ఊరి స్కూలుకి బదిలీ అయి వెళ్తే మొదటిరోజే "మీ ఇంటిపేరేంటి మాస్టారూ?" అన్నారు నన్ను. దాంతో తేలకపోతే "ఊళ్లో ఏ వైపు మీ ఇల్లు?" అన్నారు. నిజం చెప్పాను. మర్నాటినుంచి నా క్యారేజీ పక్కన ఇంకో క్యారేజీ విప్పలేదు. భారతి కూడా చివరికి నిజం చెప్పింది, తల్లి మంత్రసాని అనీ చెప్పింది. ప్రియ తిట్టలేదు, కొట్టలేదు. ముడుచుకుపోయింది.

ఆ తర్వాత భారతి చేసిందంతా పథకమే, కాదనను. ప్రియకి బిడ్డ మీద ఆశ పెట్టింది, మొగుడికి దగ్గరయ్యే దారి చెప్పింది. ప్రియ బిడ్డతో ఇంటిపట్టున ఉండిపోయింది, కుర్చీ భారతికొచ్చింది. ఇది పగ అంటారు. పగే అయితే ప్రియ గుట్టంతా భారతి చేతిలోనే ఉందిగా! అత్తకో మొగుడికో ఒక్క మాట చెబితే ఆ కాపురం ఏమయ్యేది? చెప్పలేదు. ఆమెకి కావలసింది ఉద్యోగం, తనకి రావలసిన ఉద్యోగం.

నాకూ ఒకచోట ముల్లు గుచ్చుకుంది. ఒక ఆడదాన్ని మళ్లీ వంటింట్లోకి తోలడమేగా ఇది? ఆ వంటిల్లు భారతి కట్టింది కాదు, ప్రియ అత్తవారిది. అయినా ముల్లు ముల్లే.

సత్యజిత్ రే 'సద్గతి' అంటే ఈ సార్లే కళ్లొత్తుకుంటారు. 1981 నాటి ఆ సినిమాలో దుఃఖీ కాలే కడుపుతో బ్రాహ్మడి దుంగ నరికి నరికి ప్రాణం వదులుతాడు. దుఃఖీ చస్తే వీళ్లకి కన్నీళ్లు. భారతి బతికి కుర్చీలో కూర్చుంటే నీతిశాస్త్రం!

చివర్లో ప్రియ ఇంట్లో భారతికి టీ ఇస్తారు. వాళ్లకి పింగాణీ కప్పులు, ఈమెకి స్టీలు గ్లాసు. టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడినవాళ్లకి అది చెప్పక్కర్లేదు. మా సారుని అడిగాను, "ఆ గ్లాసు చూశారా?" అని.

"ఏ గ్లాసు?" అన్నాడు.