రేకీకి ఇన్సూరెన్స్ ఎందుకు రాదంటే...

హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టే నెల వచ్చిందంటే ఇంట్లో మిగతా ఖర్చులన్నీ ఓ నెల వెనక్కి జరుగుతాయి. అంత డబ్బు పోశాక, "మనకి హాయినిచ్చే వైద్యానికి ఎందుకివ్వరు?" అని అడగడంలో తప్పు లేదు. కానీ రేకీ సంగతి వచ్చేసరికి నేను కంపెనీల పక్షమే. పూర్తిగా చదివాక తిట్టండి.

అల్లోపతి కాకపోతే పైసా రాదని చాలామంది అనుకుంటారు. అది పాత మాట. ఆయుర్వేదం, యోగా-ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, హోమియో లాంటి ఆయుష్ వైద్యాలని మిగతా వైద్యంతో సమానంగా చూడాలని ఐఆర్‌డీఏఐ 2024 జనవరి 31న కంపెనీలకి చెప్పింది. ఏప్రిల్ 1 నుంచి అమలు. అయితే షరతులున్నాయి. ఆస్పత్రిలో చేరాలి, అక్కడ కనీసం 5 పడకలు, రోజంతా అర్హత ఉన్న డాక్టరు, రోజువారీ రికార్డులు ఉండాలి. ఒళ్ళు తేలికపడుతుందని ఏ ఆశ్రమంలోనో పది రోజులు మసాజులు చేయించుకొస్తే ఆ బిల్లు మనదే.

రేకీ ఈ ఆయుష్ జాబితాలో లేదు. 1922 ప్రాంతంలో జపాన్‌లో మికావో ఉసుయి అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. దాన్ని హవాయికి తీసుకెళ్ళి బయటి ప్రపంచానికి చేర్చింది మాత్రం హవాయో తకాతా అనే ఆవిడ. (ఇలాంటివి ఊళ్ళు దాటించేది ఎప్పుడూ ఆడవాళ్ళే!) దీనికి మన దగ్గర ప్రభుత్వ డిగ్రీ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. మొదటి మెట్టు శని, ఆదివారాల్లో నేర్చేసుకోవచ్చు. చేతులు పెట్టినందువల్ల ఫలానా జబ్బు తగ్గిందని గట్టి రుజువూ లేదు.

ప్రీమియం అనేది మనందరి ఉమ్మడి డబ్బు. రుజువు లేనిదానికి అందులోంచి తీసిస్తే వచ్చే ఏడాది అందరికీ పెరుగుతుంది. అదైనా భరించొచ్చు. నా అసలు భయం వేరే. ఇన్సూరెన్స్ ఇస్తోందంటే మన జనానికి అదే సర్టిఫికెట్. రొమ్ములో గడ్డ తగిలిన ఆడమనిషి, స్కానింగ్ అంటే భయపడి, "ముందు ఇది చూద్దాం, ఎలాగూ కవర్ అవుతుంది కదా" అనుకుంటే? ఆ పోయిన ఆరు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

ఇదంతా మా తోడికోడలికి చెప్పాను. ఆ అమ్మాయికి మెడ, భుజం నొప్పి. వాళ్ళమ్మగారు మంచం పట్టి రెండేళ్ళైంది, ఆవిడని లేపడం, కూర్చోబెట్టడం అన్నీ తనే. డాక్టరు దగ్గరికి వెళ్తే మూడు నిమిషాల్లో మాత్రలు రాసి, ఫిజియోథెరపీ పది సిట్టింగులు చేయించుకోమన్నారట. పాలసీలో చూస్తే అడ్మిట్ కాకుండా చేయించుకునే ఫిజియోకి రాదు.

"రేకీకీ రాదు, ఫిజియోకీ రాదు. ఎలాగూ నా డబ్బే కదక్కా! అక్కడైతే గంటసేపు నన్నెవరూ ఏదీ అడగరు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా అని అడిగింది ఆవిడొక్కతే" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. మనం కోప్పడాల్సింది ఇక్కడ. మన నొప్పులు చాలావరకు మంచమెక్కవు, పొయ్యి దగ్గర నిలబడే ఉంటాయి. మోకాళ్ళు, నడుము, నిద్ర పట్టకపోవడం, నలభై దాటాక వచ్చే గుబులు, వీటిలో ఏదీ 24 గంటలు ఆస్పత్రిలో పడుకోబెట్టేది కాదు. మానసిక జబ్బులకీ శరీరపు జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 చట్టం చెప్పింది. అయినా చాలా పాలసీల్లో వారం వారం కౌన్సెలింగ్‌కి వెళ్తే ఏమీ రాదు, ఎందుకంటే అదీ అడ్మిషన్ కాదు. రుజువున్న వైద్యానికే తలుపు వేసేస్తే, ఓపిగ్గా వినే మనిషి ఎక్కడుంటే అక్కడికే పోతారు. రేకీకి ఇవ్వండని కాదు, ఫిజియోకి, కౌన్సెలింగ్‌కి ఇవ్వండని అడగాలి మనం.

తన డబ్బుతో రేకీకి వెళ్ళేవాళ్ళతో నాకే పేచీ లేదు. థైరాయిడ్ మాత్ర ఆపమన్న రోజున మాత్రం అక్కణ్ణుంచి లేచి రండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి మనం సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. రెన్యువల్‌కి ముందు, మిగిలే ఆ డబ్బుకి ఓపీడీ కవర్ వస్తుందేమో కనుక్కోండి. ఫిజియో ఎన్ని సిట్టింగులు, కౌన్సెలింగ్ ఉందా, ఏడాదికి ఎంత పరిమితి, ఎన్నాళ్ళు ఆగాలి అన్నీ కాగితం మీద అడగండి. నేను మా ఏజెంటుకి ఫోన్ చేసి ఇవే అడిగితే, "ఇవన్నీ సార్‌తో మాట్లాడతాలెండి మేడమ్" అన్నాడు. పాలసీలో మొదటి పేరు నాది.