మరచిన మెట్టు, మరువని దేవుడు

సిలువకు ముందు రాత్రి యేసుప్రభువు చేసిన ఒక పనిని మనం తరచుగా గమనించకుండానే దాటిపోతాం. ఆ రాత్రి ఆయన రొట్టె విరిచాడు, గిన్నె అందించాడు, శిష్యులతో చివరి మాటలు మాట్లాడాడు. ఆ తర్వాత వారంతా కీర్తన పాడి ఒలీవల కొండకు బయలుదేరారని మత్తయి రాశాడు (మత్తయి 26:30). పస్కా రాత్రి 113 నుండి 118 వరకు ఉన్న కీర్తనలు పాడటం యూదుల ఇళ్ళలో ఆనవాయితీ. అంటే ప్రభువు ఆ రాత్రి పాడింది కొత్త పాట కాదు, నజరేతులో ఇంటివారితో కలిసి ఏటేటా పాడుకున్న పాటే! మరునాడు సిలువ మీద ఆయన పెట్టిన కేక కూడా 22వ కీర్తన మొదటి మాటే. లోకపాపాన్ని మోస్తున్న వేళ దేవుని కుమారుని పెదవుల మీదికి వచ్చింది చిన్ననాడు ఇంట్లో, సమాజమందిరంలో నేర్చిన కీర్తన. చిన్నప్పటి పాట ఎంత లోతున పాతుకుని ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మరి మన లోతుల్లో పాతుకుని ఉన్న పాట ఏది? మా రాజంపేట, నందలూరు, పుల్లంపేట పల్లెల్లో పుట్టి పెరిగిన మా తరం వారికి ఈ ప్రశ్న వేస్తే జవాబు ఒక్కటిగా రాదు. కొందరికి అది హార్మోనియం, తాళాలతో జేజి ఎత్తుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తన. కొందరికి క్రిస్మస్ రాత్రి పెట్రోమాక్స్ దీపం వెలుతురులో ఇల్లిల్లూ తిరిగి పాడిన పాట. మరికొందరికి చెక్కభజన. చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, నడుమ నిలబడి గురువు పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవారు అడుగు వేస్తూ అందుకునే తీరు రాయలసీమ పల్లెకు ప్రాణం. కోలాటం, చెక్కభజన మెట్లలో క్రీస్తు జనన కథను కట్టుకుని పాడి ఆడిన పల్లెలు సీమలో ఉన్నాయి. ఆ మెట్టు వినబడితే అరవై ఏళ్ళవాడి కాలు కూడా ఊరుకోదు!

ఆదివారం మన ఆలయాల్లో ఈ మెట్టు ఎంతసేపు వినబడుతోంది? శ్రీకాకుళం నుండి చిత్తూరు దాకా ఏ సంఘానికి వెళ్ళినా ఇంచుమించు అవే పాటలు, అదే కీబోర్డు, అదే డ్రమ్ముల మోత. నగరంలో రికార్డయిన పాట వారం తిరక్కుండా ఫోన్లలోకి, అక్కడినుండి పల్లె ఆలయంలోకి వస్తోంది. కొత్త పాట పాడటం పాపం కాదు. క్రొత్త కీర్తన పాడమని దేవుని వాక్యమే చెబుతోంది (కీర్తన 96:1). ఆ పాటల ద్వారా ఎందరో యువకులు ప్రభువు దగ్గరికి వచ్చారు, దేవునికి స్తోత్రం! కానీ కొత్త పాట వచ్చిన ప్రతిసారీ పాత పాట ఒకటి మూగబోవాలని ఏ వాక్యంలోనూ లేదు. ముందువరుసలో కూర్చున్న ముసలమ్మ పెదవి కదలకుండా ఆరాధన ముగిసిందంటే, ఆ ఆరాధనలో ఏదో కొరత ఉన్నట్టే.

పాట ఎలా పోతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. రాజంపేటకు కూతవేటు దూరంలో తాళ్ళపాక ఉంది. అన్నమాచార్యులు (1408–1503) పుట్టిన ఊరు. ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. అయినా ఆయన సంకీర్తనల చరిత్రలో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. వేలాది సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరిచారు. శతాబ్దాల పాటు అవి ఒక అరలో ఉండిపోయాయి. ఇరవయ్యవ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు. రేకుల మీద మాట ఉంది, రాగం పేరు ఉంది. పాడే తీరు మాత్రం చాలావరకు తెగిపోయింది! మన అనంతపురం సీమవారే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వంటి విద్వాంసులు వాటికి మళ్ళీ స్వరం కట్టాల్సి వచ్చింది. రాగి మీద చెక్కినా, నోట నానకపోతే మెట్టు నిలవదన్నమాట.

ఇప్పుడు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన మీద మోహన అనో శంకరాభరణం అనో రాగం పేరు, దాని పక్కన ఆది అనో మరొకటో తాళం పేరు ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. ఇది మన నేలమీది సంగీతం. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు సువార్తను ఇంగ్లీషు బాణీలకు కట్టేసి ఊరుకోలేదు, తెలుగువాడి చెవికి తెలిసిన రాగంలో పోశారు. అందుకే బడి మొహం చూడని మన అబ్బలు, జేజిలు కూడా సిలువ సిద్ధాంతాన్ని కీర్తనల్లోనే కంఠతా పట్టారు. పుస్తకం చదవలేనివారికి పాటే పరిశుద్ధ గ్రంథమైంది. ఆ పుస్తకంలో ఇప్పుడు మన సంఘం మెట్టు తెలిసి పాడగలిగినవి ఎన్ని? లెక్కపెట్టి చూసుకుంటే ఎక్కడ నిలబడ్డామో అర్థమవుతుంది. మిగిలినవన్నీ మన రాగిరేకులే!

స్వదేశీ స్వరంలో దేవుణ్ణి స్తుతించడం మన ఒక్కరి ముచ్చట కాదు. ప్రజలు సొంత భాషలో పాడేందుకు లూథర్ సహచరులు 1524లో పాటల పుస్తకం అచ్చువేయించారు. సంస్కరణోద్యమం ప్రసంగాలతో పాటు పాటల మీద కూడా ఊరూరికీ ప్రయాణించింది. తమిళసీమలో తంజావూరు వేదనాయకం శాస్త్రి (1774–1864), మరాఠీ దేశంలో నారాయణ వామన తిలక్ (1861–1919) తమ నేల సంగీతంలోనే క్రీస్తును కీర్తించారు. 1822లో లండన్ మిషన్ వారు కడపలో సేవ ప్రారంభించింది మొదలు ఇప్పటివరకు రెండు శతాబ్దాలు దాటాయి. ఈ రెండు వందల ఏళ్ళలో సీమ క్రైస్తవులు కూడబెట్టుకున్న ఆస్తిలో బడులు, ఆసుపత్రులు, ఆలయాలతో పాటు ఈ పాటలు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. దాన్ని దాటవేస్తే ఈ మాటలన్నీ పైపై మాటలే అవుతాయి. అది పలక. ఇతర ప్రాంతాల్లో డప్పు అంటారు. చిన్నప్పుడు మన చెవిన పడిన మొదటి వాద్యాలలో అదొకటి. మంట దగ్గర తోలు వేడిచేసి, ఒక చేత లావు పుల్ల, ఇంకొక చేత సన్న పుల్ల పట్టి కొడితే పొలిమేర దాకా వినిపించేది. కానీ దాన్ని కొట్టినవారిని ఊరు తన నడుమ కూర్చోనివ్వలేదు. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, ఊరి పెద్ద చాటింపు వేయమంటే కొట్టాలి. కాదనే హక్కు లేదు. కళగా కాక వెట్టిగా కొట్టించుకున్న వాద్యం అది.

అందువల్ల సువార్తను అంగీకరించిన మన పెద్దలు పలకను కింద పెట్టడంలో గొప్ప ధైర్యం ఉంది. ఒంగోలు ప్రాంతంలో సేవచేసిన జాన్ క్లౌ, విశ్వాసంలోకి వచ్చినవారికి మూడు నియమాలు చెప్పేవాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. విగ్రహారాధన మానడమంటే జాతరలో వాద్యం మానడం కూడా. మేం కొట్టం అన్న కొత్త విశ్వాసులను ఊరి పెద్దలు వేధించిన ఉదంతాలు ఆ మిషన్ చరిత్రలో ఉన్నాయి. వారు వదిలింది తోలును కాదు, బానిసత్వాన్ని! ఆ త్యాగాన్ని తక్కువ చేసే హక్కు మనకెవరికీ లేదు.

అయితే, ఇప్పుడు అదే పలకను స్వతంత్రులుగా, ఇష్టపూర్వకంగా, జీవముగల దేవుని సన్నిధిలో మోగిస్తే? నీచమైనవని లోకం తోసేసిన వాటినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాశాడు (1 కొరింథీ 1:28). ఆ మాట మనుషులకు వర్తిస్తే వారి చేతిలోని వాద్యానికి వర్తించదా? తంబురతోను, నాట్యముతోను స్తుతించమని చెప్పిన 150వ కీర్తన ఏ తోలు పవిత్రమో, ఏది కాదో జాబితా ఇవ్వలేదు. మదురైలోని తమిళనాడు థియలాజికల్ సెమినరీలో బోధించిన జె. థియోఫిలస్ అప్పావు (1940–2005) పల్లె సంగీతాన్ని, దళితుల పరై వాద్యాన్ని ఆరాధనలోకి తెచ్చాడు. అవమానానికి గుర్తుగా ఉన్న వాద్యం విడుదలకు గుర్తు కావాలన్నదే ఆయన ఆశ. గిటారును, డ్రమ్ములను ఆలయంలోకి రానిచ్చిన మనం, మన తాతల చేతి వాద్యాన్ని మాత్రం వాకిట్లోనే నిలబెడితే, అది భక్తి వల్లనా, ఊరు నేర్పిన సిగ్గు వల్లనా? ప్రతి సంఘమూ ప్రార్థనతో ఆలోచించుకోవాలి. ఆ పలకతో గాయపడిన పెద్దలు ఇంకా మన మధ్య ఉంటే ముందుగా వారి మాట వినాలి. వారి సమ్మతి లేకుండా వేసే అడుగులో ప్రేమ ఉండదు.

ఈ విషయం ఎందుకింత ముఖ్యం? రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాల ఇళ్ళలో కువైట్ వెళ్ళని ఇల్లు అరుదు. ఎందరో తల్లులు బిడ్డలను అవ్వల దగ్గర వదిలి పరాయి ఇళ్ళలో వంట చేస్తున్నారు, పరాయి బిడ్డలను ఎత్తుకుంటున్నారు. అక్కడ శుక్రవారమే ఆరాధన దినం. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి, తెలుగువారూ కూడుకుంటారు. అన్యదేశంలో యెహోవా కీర్తన ఎలా పాడగలమని బబులోను నదుల దగ్గర ఏడ్చినవారి ప్రశ్న (కీర్తన 137:4) వారికి బాగా తెలుసు. సెలవు దొరకని తల్లి వంటగదిలో పని చేసుకుంటూ తనలో తాను పాడుకునేది పుస్తకం చూసి పాడే పాట కాదు. కంఠంలో ఉన్నదే పాడుతుంది. ఆమె కంఠంలో పాట ఉందంటే, చిన్నప్పుడు ఎవరో పెట్టారు కాబట్టే ఉంది. రేపు ఆమె బిడ్డ కూడా బతుకుతెరువుకు ఎక్కడికో వెళతాడు. అతని కంఠంలో ఏముంటుంది? దాన్ని ఇప్పుడు పెట్టాల్సింది ఎవరు?

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మన పులపత్తూరు, మందపల్లి పల్లెలను ముంచెత్తింది. మనుషులు పోయారు, ఇళ్ళు పోయాయి, పశువులు పోయాయి. కూడబెట్టినదంతా ఒక్క ఉదయాన ఇసుక కింద కూరుకుపోయింది. అలాంటి రోజున మనిషికి మిగిలేది లోపల ఉన్నదే. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలల చేతిలో పుస్తకం లేదు, వాద్యం లేదు. కాళ్ళు బొండలో ఉన్నాయి. అయినా మధ్యరాత్రి వారు పాడారు, ఖైదీలు విన్నారు (అపొ.కా. 16:25). నోటికి వచ్చిన పాటను వరద ముంచలేదు, చెరసాల బంధించలేదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నేటి దినాల కన్నా మునుపటి దినాలే మేలని అనుకోవడం జ్ఞానం కాదని ప్రసంగి చెబుతాడు (ప్రసంగి 7:10). పాత పాటను పూజించడమూ విగ్రహారాధనే. మా కాలం, మా పాట అని పెద్దలు పిల్లల నోరు మూయించకూడదు. యెరూషలేములో ఆలయానికి పునాది వేసిన రోజున మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు ఏడ్చారు, మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు. ఏడుపేదో, కేక ఏదో వేరుచేసి చెప్పలేనంతగా రెండూ కలిసిపోయాయి (ఎజ్రా 3:12,13). ఆరోగ్యమైన సంఘం అలాగే ఉంటుంది. ముసలివారి కన్నీరు, పడుచువారి కేక ఒకే స్తుతిగా పైకి వెళ్ళాలి.

ఇందుకు పెద్ద ఖర్చు ఏమీ లేదు. నెలకొక ఆదివారం ఒక కీర్తనను పుస్తకంలో ఉన్న రాగతాళాలతో నేర్చుకుందాం. మెట్టు తెలిసిన పెద్దల దగ్గరికి యువకులు వెళ్ళి, వారు పాడుతుండగా ఫోన్లో రికార్డు చేసి దాచుకోవాలి. ఏ ఫోను ద్వారా పాత పాట మరుగున పడుతోందో, ఆ ఫోనే దాన్ని కాపాడుతుంది! సండేస్కూలు పిల్లలకు ఏడాదికి మూడు కీర్తనలు పుస్తకం చూడకుండా పాడటం నేర్పాలి. క్రిస్మస్‌కు చెక్కభజన గురువును పిలిచి పిల్లల చేత అడుగు వేయించాలి. గురువుకు, వాద్యకారులకు వేదిక మీద కుర్చీ వేయాలి, గౌరవంగా సంభావన ఇవ్వాలి. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఇంటి పెద్ద పాట ఎత్తుకోవాలి, ఇంటిల్లిపాదీ అందుకోవాలి.

మోషే తన ఆఖరి దినాల్లో ఇశ్రాయేలీయులకు ఒక పాట రాసి నేర్పాడు. అది దేవుడే ఇచ్చిన ఆజ్ఞ. కష్టాలు ముంచుకొచ్చినా, జనం దారి తప్పినా ఆ పాట వారి సంతతి నోట మరువబడకుండా నిలిచి సాక్ష్యం పలుకుతుందని దేవుడు సెలవిచ్చాడు (ద్వితీ 31:19,21). మన బిడ్డలకు చదువిస్తున్నాం, వీలైతే పొలమో ఇల్లో ఇస్తున్నాం. వాటితో పాటు ఒక పాట ఇద్దాం. వారు ఏ దేశంలో ఉన్నా, ఏ చీకట్లో ఉన్నా, తమను మరువని దేవుణ్ణి తమ నేల మెట్టులోనే పిలుచుకుంటారు.