బొగ్గు ఒకరికి, బొందలగడ్డ మనకా?

"సార్, బొగ్గుతోటి జర్మనీ పెద్దగయిందని పాఠంలున్నది. మన దగ్గర గూడ బొగ్గున్నది గద, మరి మన వాడ గిట్లెందుకున్నది?" తొమ్మిదో తరగతిలో మన మాదిగ పిల్ల లేచి అడిగింది. అంతలో బెల్లు కొట్టిండ్రు, నేను బతికిపోయిన. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్న.

దేశాన్ని దేశంతోటి పోలిస్తే మనకు ఏం తెల్వది. బొగ్గుబాయి ఉన్న ఊరిని బొగ్గుబాయి ఉన్న ఊరితోనే పోల్చాలె.

జర్మనీలో రూర్ అనే బొగ్గు ప్రాంతమున్నది. 1951లోనే అక్కడ చట్టమైంది: పెద్ద బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక మండలిలో కార్మికుల తరఫు వాళ్లు సగం మంది కూసోవాలె. అందుకే బాయిలు మూతపడే కాలమొచ్చినా, వాళ్లను అడగకుండ తాళమేసుడు కష్టమైంది. ఒక్కొక్కటే మూసుకుంట వచ్చి, ఆఖరి రాతిబొగ్గు బాయిని 2018 డిసెంబరులో మూసిండ్రు. పెద్ద వయసోళ్లకు సర్కారు పైసలతోటి ముందుగాల పింఛను, పడుచోళ్లకు వేరే పని నేర్పుడు. బాయిలు మూతపడుతున్న బోఖుమ్ పట్నంలో 1965లో యూనివర్సిటీ తెరిచిండ్రు. అది స్వర్గమని నేననను. గెల్సెన్‌కిర్షెన్‌లో ఇయ్యాల్టికీ నిరుద్యోగం ఎక్కువే. బరువు పనులకు 1961 ఒప్పందంతోటి తుర్కీ నుంచి కూలోళ్లను తెచ్చుకున్నరు. వెలివాడ లేని దేశమేదో నాకు తెల్వది.

అమెరికాలో అప్పలాచియా కొండల్లోనూ బొగ్గే. 1965లో ఆ ప్రాంతం అభివృద్ధికని కమిషన్ వేసిండ్రు, రోడ్లు పడ్డయి. కాని ఊరోళ్లు, పరిశోధకులు కలిసి భూమి రికార్డులు తిరగేస్తే, భూమిలో, ఖనిజంలో పెద్ద భాగం బయటోళ్ల చేతుల్లున్నదని, వాళ్లు కట్టే పన్ను నామమాత్రమని 1981లో తేలింది. పన్ను రాకుంటే బడి ఎట్ల నడుస్తది?

ఇగ మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంగతి. రామగుండంలో 1983లో మొదలైన ఎన్టీపీసీ స్టేషను 2600 మెగావాట్లదాక పెరిగింది. సింగరేణిలో 1990ల మొదట్ల లక్షకు పైగ ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టు ఉన్నరు. తట్టా చెమ్మస్ పట్టిన మనోళ్ల పని మిషన్లకు, కాంట్రాక్టుకు పోయింది. వాళ్ల కొడుకులు దుబాయి బాట పట్టిండ్రు.

ఓపెన్ కాస్టు కింద ఊరు పోతే ఎవరికేం వస్తది? 1894 చట్టం చూసేది పట్టానే. మన ఇండ్లల్ల ఎంతమందికి పట్టా ఉండె? దొర పొలం పోతే పైసలు దొరకు. ఆ పొలంల కైకిలి చేసినోనికి కైకిలి గూడ పాయె. 2013 చట్టం, ఆ భూమి మీద మూడేండ్లుగ బతుకుతున్న కూలి కుటుంబాన్ని గూడ బాధిత కుటుంబంగ లెక్కపెట్టాలన్నది. మరి లెక్క రాసేదెవరు? సర్వే వచ్చిన రోజు మనోళ్లు నాట్లకు పోయి ఉంటరు.

ఆ రోజు పోకుండ్రి. ఒక్కరోజు కూలి సంఘం చందాలేసి ఇద్దాం. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉన్నది, అది గనులతోటి దెబ్బతిన్నోళ్ల కోసం పెట్టింది. దాంట్లకెల్లి మన వాడకెంత పెట్టిండ్రో గ్రామసభల పద్దు అడుగుండ్రి. కైకిలోళ్ల పేర్ల జాబితా మాత్రం సర్వేకంటె ముందుగాల మనమే రాసి పెట్టుకోవాలె. మా ఊర్ల అది ఆ పిల్లతోనే రాయిస్త. దస్తూరి మంచిగుంటది.