బయానాతో బేరం... గడువు దాటితే భారం
చేతిలో సొమ్ము లేకున్నా స్థిరాస్తి వ్యాపారంలోకి యువత
ఒప్పంద పత్రమే పెట్టుబడి.. చట్టం ముందు దాని విలువ అంతంతే

భువనగిరి: భూమి కొనకుండానే భూమి అమ్మే వ్యాపారం గ్రామీణ యువతను ఆకర్షిస్తోంది. రైతుకు కొంత సొమ్మును బయానాగా ఇచ్చి, మిగిలిన మొత్తానికి మూడు నెలలో, ఆరు నెలలో గడువు పెట్టి ఒప్పంద పత్రం రాయించుకుంటారు. ఆ గడువులోగా అదే భూమిని ఎక్కువ ధరకు మరొకరికి చూపించి, మధ్యలోని తేడాను తీసుకుంటారు. రిజిస్ట్రేషన్ మాత్రం రైతు నుంచి నేరుగా చివరి కొనుగోలుదారు పేరిట జరుగుతుంది. పాతతరం మారుబేరం అన్న ఈ పద్ధతినే నేడు అగ్రిమెంట్ల వ్యాపారం అంటున్నారు. అమెరికాలో దీనికి హోల్‌సేలింగ్ అని పేరు.

యాదాద్రి భువనగిరి జిల్లాలో ఈ వ్యాపారానికి అనువైన పరిస్థితులు ఒకదాని వెంట ఒకటి ఏర్పడ్డాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఆవిర్భవించింది. పునర్నిర్మించిన యాదగిరిగుట్ట ఆలయం 2022 మార్చి 28న భక్తులకు తెరుచుకుంది. వరంగల్ రహదారి విస్తరణ, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా ప్రతిపాదించిన ప్రాంతీయ వలయ రహదారి భూములపై ఆశలు పెంచాయి. చదువు పూర్తయి ఉద్యోగం దొరకని యువకుడికి, ఊళ్లో అందరితో పరిచయమే పెట్టుబడిగా పనికివచ్చే రంగం ఇదొక్కటే అన్న భావన బలపడింది.

లెక్క ఇలా మొదలవుతుంది

ఉదాహరణకు ఎకరం రూ.60 లక్షల చొప్పున రెండెకరాలకు బేరం కుదిరిందనుకుంటే మొత్తం ధర రూ.1.20 కోట్లు. అందులో పదో వంతు, అంటే రూ.12 లక్షలు బయానా. నలుగురు మిత్రులు తలా రూ.3 లక్షలు వేసుకుంటారు. 90 రోజుల్లో ఎకరం రూ.65 లక్షలకు కొనేవారు దొరికితే తేడా రూ.10 లక్షలు. కొనుగోలుదారుని తెచ్చిన మధ్యవర్తుల వాటా పోయినా, మూడు నెలల్లో పెట్టుబడిపై సగానికి పైగా లాభం కనిపిస్తుంది.

కొనేవారు దొరకనప్పుడు లెక్క తిరగబడుతుంది. రూ.3 లక్షలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన యువకుడికి నెలకు రూ.6 వేలు వడ్డీయే అవుతుంది. గడువు దాటితే బయానా వదులుకోవాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. లాభం వస్తే రూ.2 లక్షలో, రెండున్నర లక్షలో చేతికందే చోట, నష్టం వస్తే అసలు రూ.3 లక్షలూ పోయి వడ్డీ మిగులుతుంది. పెట్టుబడి లేని వ్యాపారం అనుకున్నది ఇక్కడే అప్పుగా మారుతుంది.

పత్రం ఉంటే హక్కు ఉన్నట్లేనా?

అమ్మకపు ఒప్పందం దానంతట అది భూమిపై ఏ హక్కునూ కల్పించదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 54వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందం, సాధారణ అధికార పత్రం, వీలునామా చేతులు మార్చినంత మాత్రాన ఆస్తి బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే యువకుడి చేతిలో ఉన్నది భూమి కాదు, భూమి ఇస్తానన్న మాట మాత్రమే.

రైతు మాట తప్పితే కోర్టుకు వెళ్లవచ్చు. అయితే మిగిలిన సొమ్ము చెల్లించడానికి తాను మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నానని కొనుగోలుదారు రుజువు చేసుకోవాలి. ఈ వ్యాపారం చేసేవారిలో అత్యధికుల దగ్గర లేనిది సరిగ్గా ఆ సొమ్మే. పైగా కోర్టు రుసుమును బయానాపై కాక ఒప్పందంలోని మొత్తం ధరపై లెక్కిస్తారు. భూముల ధరలు వేగంగా పెరుగుతున్న కాలంలో ఒప్పందంలోని గడువును తేలిగ్గా తీసుకోరాదని 2011లోనే శారదామణి కందప్పన్ కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది.

తెలంగాణలో సాగుభూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినా, పట్టాదారు స్వయంగా హాజరై వేలిముద్ర వేయవలసిందే. ఒప్పందంలో 'నాకు గానీ, నేను చూపిన వారికి గానీ' అన్న మాట రాయించుకున్నా, రైతు రానంటే ఆ రోజు పని జరగదు. రైతు, చివరి కొనుగోలుదారు నేరుగా మాట్లాడుకుంటే మధ్యలోని యువకుడి పేరు ఏ రికార్డులోనూ కనిపించదు.

రైతుకూ ముడి పడుతుంది

నష్టం యువకుడితో ఆగదు. గడువు తేదీ నుంచి మూడేళ్ల వరకు దావా వేసే అవకాశాన్ని కాలపరిమితి చట్టం ఇస్తోంది. 90 రోజుల ఒప్పందం కుదుర్చుకున్న రైతు, అది నెరవేరకపోయినా, పాత పత్రం ఎప్పుడు కోర్టు మెట్లెక్కుతుందోనన్న బెంగతో ఉండాలి. దావా పడిన భూమిని కొనడానికి ఎవరూ ముందుకు రారు. కూతురి పెళ్లికో, వైద్యానికో అమ్మజూపిన భూమి ఆ అవసరానికి అక్కరకు రాకుండా పోతుంది.

నగదు లావాదేవీ మరో చిక్కు. స్థిరాస్తి అమ్మకానికి రూ.20 వేలు, ఆపైన అడ్వాన్సును నగదుగా తీసుకోవడంపై 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం ఆంక్షలు విధించింది. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే తప్ప పన్ను వర్తించే ఆదాయం లేని సందర్భానికే ఇందులో మినహాయింపు. భూముల బేరాలే వ్యాపారంగా చేసే వ్యక్తి నుంచి నగదు తీసుకుంటే జరిమానా పడేది తీసుకున్న రైతుపైనే.

ఊరికో చరిత్ర.. సర్వే నంబరుకో చిక్కు

1951 ఏప్రిల్ 18న భూదానోద్యమం పుట్టిన పోచంపల్లి ఈ జిల్లాలోనే ఉంది. వెదిరె రామచంద్రారెడ్డి నాడు వంద ఎకరాలు ఇవ్వగా, ఉద్యమం దేశమంతటా విస్తరించింది. పేదలకు పంచిన భూదాన భూములను స్వేచ్ఛగా అమ్ముకునే వీలు లేదు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధిస్తోంది. దేవాదాయ, వక్ఫ్ భూములదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. వీటిలో ఎక్కువ భాగం నిషేధిత జాబితాలో ఉంటాయి. సాగులో ఉన్న వ్యక్తి చూపిన హద్దులను నమ్మి బయానా ఇచ్చిన యువకుడికి, కొనుగోలుదారు తరఫు న్యాయవాది పత్రాలు తిరగేసినప్పుడు గానీ విషయం తెలియదు. వారసుల్లో ఒక్కరు సంతకం పెట్టకపోయినా బేరం అక్కడితో నిలిచిపోతుంది.

ధర నిలిచిననాడు

ధర పెరుగుతున్నంత కాలం ఒప్పందం చేతులు మారుతూనే ఉంటుంది. మొదటివాడు రెండోవాడికి, రెండోవాడు మూడోవాడికి లాభానికి ఇస్తాడు. పెరుగుదల ఆగిన రోజున పత్రం ఎవరి చేతిలో ఉంటే నష్టం వారిదే. 2008 ఆర్థిక మాంద్యంతో హైదరాబాద్ శివార్లలో ఇలాంటి బేరాలు నిలిచిపోయాయి. 2014లో రాజధాని ప్రకటనతో ఎగసిన అమరావతి ప్రాంతపు ధరలు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదనతో పడిపోయాయి. చేతిలో భూమి ఉన్నవారు వేచి చూశారు. 2025 మేలో పనులు పునఃప్రారంభమయ్యే దాకా నిలువగలిగిందీ వారే. 90 రోజుల పత్రానికి అంత ఆయుష్షు ఉండదు. ఆలస్యంగా ఈ రంగంలోకి వచ్చే యువకులే సాధారణంగా ఆ చివరి వరుసలో మిగులుతారు.

సరైన ప్రారంభం ఏది?

ఈ రంగంలో యువతకు చోటు లేదనడం సరికాదు. సొంత బయానా పెట్టడానికి ముందు కమీషన్‌పై పని నేర్చుకోవడం క్షేమం. రెరాలో నమోదైన వెంచర్లలో ప్లాట్లు అమ్మిపెట్టాలంటే 2016 నాటి చట్టం ప్రకారం ఏజెంటుగా నమోదు చేయించుకోవాలి. 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 గజాలకు మించిన లేఅవుటును రెరాలో నమోదు చేయకుండా ప్రకటనలు ఇవ్వడం, బుకింగులు తీసుకోవడం నిషిద్ధం. ప్రీలాంచ్ పేరిట బంధుమిత్రులకు ప్లాట్లు అంటగట్టే యువకులు ఈ సంగతి గ్రహించాలి.

బయానా ఇవ్వదలచినవారు ముందుగా భూభారతిలో పట్టాదారు వివరాలు, నిషేధిత జాబితా, ఈసీ పరిశీలించాలి. సర్వేయరుతో కొలిపించి, వారసులందరి సంతకాలు తీసుకోవాలి. చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. టైటిల్‌లో లోపం బయటపడితే బయానా తిరిగి ఇవ్వాలని, గడువు దాటితే ఒప్పందం రద్దు పత్రంపై ఇరుపక్షాలు సంతకం చేయాలని ముందే రాసుకుంటే ఇద్దరికీ రక్షణ. పోయినా కుటుంబం తట్టుకోగలిగిన సొమ్మునే పెట్టాలి. వడ్డీకి తెచ్చిన డబ్బుకు ఈ వ్యాపారంలో చోటు ఉండరాదు.

అన్నిటికంటే ముఖ్యం, తాను భూమిని ఉంచుకోవడానికి కాక మరొకరికి చూపడానికే రాయించుకుంటున్నానని రైతుకు చెప్పడం. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం 2019లో చట్టాన్ని సవరించి, ఏడాదిలో ఒకటికి మించి ఇలాంటి బేరాలు చేసేవారు బ్రోకర్ లైసెన్సు పొందాలని నిర్దేశించింది. సాగుభూముల ఒప్పందాలను చేతులు మార్చేవారిని లైసెన్సు పరిధిలోకి తెచ్చే అటువంటి నిబంధన ఇక్కడ లేదు. అది వచ్చేదాకా రైతు గడువు తేదీని, రద్దు షరతును చూసుకుని వేలిముద్ర వేయడం, యువకుడు చివరి కొనుగోలుదారు ఖాయమయ్యే అవకాశాన్ని అంచనా వేసుకుని బయానా ఇవ్వడం మినహా ఇరువురికీ వేరే రక్షణ కనిపించదు.