కనికట్టు కొండ మీద పెట్టె దేనికి?

లేహ్‌కు పడమరగా దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, శ్రీనగర్ వెళ్లే జాతీయ రహదారి పక్కన ‘మాగ్నెటిక్ హిల్’ అని ఒక బోర్డు ఉంటుంది. అక్కడ రోడ్డు మీద తెల్లరంగుతో గీసిన గడిలో కారు నిలిపి, గేరు న్యూట్రల్‌కి తెచ్చి, బ్రేకు వదిలితే బండి తనంతట తాను ఎగువకు కదులుతున్నట్టు కనిపిస్తుంది. మోటారు సైకిళ్ల మీద లద్దాఖ్ యాత్రకు వెళ్లే తెలుగు కుర్రాళ్లు కూడా అక్కడ ఆగి వీడియో తీసుకుంటారు. ఇలాంటి రోడ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. స్కాట్లండ్‌లో ఎలక్ట్రిక్ బ్రే, కెనడాలో మాంక్టన్ ఊరి మాగ్నెటిక్ హిల్, ఫ్లోరిడాలో స్పూక్ హిల్ వాటిలో పేరుపడ్డవి. జీపీఎస్ పట్టుకుని దాచిన పెట్టెల్ని వెతికే జియోకాషింగ్ ఆటకు ఇవి తగిన చోట్లేనా అన్నది ఈ వారం ప్రశ్న. తగినవే, అందులోనూ చాలా మంచివి అని నా అభిప్రాయం. అయితే ఒక షరతు. ఆ రోడ్డు మీద, దాని అంచున ఏ పెట్టే దాచకూడదు.

ఈ ఆట పుట్టుక తెలిస్తే షరతు ఎందుకో అర్థమవుతుంది. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును తీసేసింది. పౌరుల చేతిలోని పరికరాలు ఒక్క రాత్రిలో పదిరెట్ల దాకా కచ్చితంగా మారాయి. ఆ మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్లటి ప్లాస్టిక్ బకెట్టులో కొన్ని వస్తువులు పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్టులో ప్రకటించాడు. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోంచి ఒకటి తీసుకోవాలి, ఒకటి పెట్టాలి, పుస్తకంలో పేరు రాయాలి. ఇప్పుడు లోకమంతటా 30 లక్షలకు పైగా అలాంటి చోట్లు ఉన్నాయి. ఆటతోపాటు కట్టుబాట్లూ పెరిగాయి. స్థలం యజమాని అనుమతి ఉండాలి. నేల తవ్వి పాతకూడదు. ఒక పెట్టెకు ఇంకో పెట్టెకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. పెట్టెతో పనిలేని రకాలూ వచ్చాయి. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం చొరవతో మొదలైన ‘ఎర్త్‌కాష్’లో ఆటగాడు ఒక చోటికి వెళ్లి, నేలను పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. అక్కడ దొరికేది పాఠమే. నా వాదమంతా ఈ రెండో దారి వైపే.

ముందు కొండ సంగతి చూద్దాం. ఎలక్ట్రిక్ బ్రే స్కాట్లండ్ పడమటి తీరాన, ఎయిర్ పట్టణానికి దక్షిణంగా ఏ719 రోడ్డు మీద ఉంది. ఒకప్పుడు ఇదంతా విద్యుత్తు ఆకర్షణ అనుకున్నారు కాబట్టి ఆ పేరు. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే జాగాలో ఒక రాయి మీద అసలు లెక్క చెక్కి ఉంది. క్రాయ్ రైలు వంతెన కనిపించే మలుపు దగ్గర నేల సముద్రమట్టానికి 286 అడుగుల ఎత్తు. తూర్పున చెట్లున్న లోయ దగ్గర 303 అడుగులు. అంటే మలుపు నుంచి లోయ వైపు 86 అడుగులకు ఒక అడుగు చొప్పున రోడ్డు ఎక్కుతుంది. చూసేవాడికి మాత్రం అది దిగుతున్నట్టు ఉంటుంది. కారణం చుట్టూ ఉన్న నేల. దిగంతం సరిగా కనిపించని చోట, రెండు పక్కలా కొండవాలు ఇంకా నిటారుగా పల్లానికి జారుతున్న చోట, మధ్యలో కొద్దిగా మాత్రమే దిగే రోడ్డు ఎక్కుతున్నట్టు తోస్తుంది. కన్ను మట్టాన్ని నేరుగా కొలవలేదు, పక్కనున్నవాటితో పోల్చి ఊహిస్తుంది. ఇటలీలో పాడువా విశ్వవిద్యాలయానికి చెందిన పావొలా బ్రెసాన్, మరో ఇద్దరు పరిశోధకులు బల్ల మీద చిన్న చిన్న రోడ్ల నమూనాలు తయారు చేసి, వాలులు మార్చి మార్చి ఇదే భ్రమను పుట్టించి, ఫలితాలను 2003లో ప్రచురించారు. అయస్కాంతం లేదు, విద్యుత్తు లేదు. బల్ల మీది నమూనాల్లో కూడా కన్ను మోసపోయింది.

ఇప్పుడు ఇలాంటి రోడ్డు అంచున పెట్టె దాస్తే ఏమవుతుందో ఆలోచించండి. చిన్న పెట్టెలు దాచడానికి ఆటగాళ్లు తరచు ఎంచుకునేది రోడ్డు పక్క ఇనుప కమ్మీల వెనక భాగం. అయస్కాంతం అతికించిన చిన్న డబ్బీని అక్కడ అంటిస్తారు. దాన్ని వెతికేవాడు వంగి, తల దించుకుని, రోడ్డుకు వీపు పెట్టి, కమ్మీ వెంబడి చేత్తో తడుముకుంటూ నడుస్తాడు. అదే సమయంలో అదే రోడ్డు మీద ఇంకొకాయన బ్రేకు వదిలేసి కూర్చుని ఉంటాడు. ఇంజను కూడా ఆపేశాడంటే పవర్ స్టీరింగు పనిచేయదు, బ్రేకుకు అందే సాయమూ కొద్దిసేపట్లో పోతుంది. పైగా తాను ఎగువకు పోతున్నానని నమ్ముతున్నాడు కాబట్టి బండి వేగం పుంజుకుంటుందని అనుకోడు. వంగి వెతికే మనిషి, చప్పుడు లేకుండా దొర్లే కారు, వెనక నుంచి మామూలు వేగంతో వచ్చే లారీ. ఈ మూడింటినీ ఒకచోట చేర్చడం ఏ ఆటకూ అవసరం లేదు. జనం అక్కడ ఎలాగూ ఆగుతున్నారు, ఒక డబ్బీ వల్ల కొత్తగా వచ్చే ముప్పేమిటి అని అడగవచ్చు. కారులో కూర్చుని రెండు నిమిషాలు చూసి పోయేవాడికీ, కాలినడకన అరగంట వెతికేవాడికీ చాలా తేడా ఉంది. మొదటివాడి చుట్టూ కనీసం కారు ఉంది.

అనుమానం సంగతి వేరే ఉంది. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్బీ పట్టణంలో ఒక కఫే బయట ఎవరో పెట్టె దాచడం చూసినవాళ్లు పోలీసులకు చెప్పారు. బాంబు దళం వచ్చి దాన్ని పేల్చేశాక తెలిసింది, అది జియోకాషింగ్ పెట్టె అని. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లను చూసిన హైదరాబాదు వాళ్లకు ఈ భయం గురించి వేరే చెప్పనక్కర్లేదు. గుర్తు తెలియని వస్తువులను తాకవద్దన్న ప్రకటన మన బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో వినబడుతూనే ఉంటుంది. లేహ్ రోడ్డు మీద సైన్యం కాన్వాయ్‌లు నడుస్తాయి. ఆ కమ్మీ వెనక ఒక మూసిన డబ్బీ కనిపిస్తే దాన్ని ఆట వస్తువని అనుకోవలసిన బాధ్యత జవాన్లకు లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. కొండలో అయస్కాంత శక్తి ఉందని జనం పొరపాటు పడే చోట అయస్కాంతపు డబ్బీ అంటించడమంటే ఆ అబద్ధానికే ఊతమివ్వడం.

మరి పెట్టె లేకుండా అక్కడ వెతకడానికి ఏముంది? నిజమైన పల్లం ఎటు అన్నది ఉంది. ఆటగాడి చేతిలోని జీపీఎస్ దీన్ని తేల్చలేదు, నాకు ఈ చోట్ల మీద ఇంత మక్కువ అందుకే. ఆకాశం తెరిపిగా ఉన్నచోట మామూలు ఫోను మన స్థానాన్ని దాదాపు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. ఎత్తు విషయంలో తప్పు ఇంకా ఎక్కువ. ఎలక్ట్రిక్ బ్రే మీద ఈ చివరకూ ఆ చివరకూ ఉన్న మొత్తం తేడా 17 అడుగులు, అంటే 5 మీటర్ల చిల్లర. పరికరం చేసే తప్పులోనే కొండ మొత్తం మునిగిపోతుంది. నీళ్లు పోసి చూసినా లాభం లేదు. నీరు పల్లమెరుగు అని మన సామెత, నీరు అక్కడా పల్లానికే పారుతుంది, కానీ మన కంటికి అది మిట్టెక్కుతున్నట్టే కనిపిస్తుంది. అప్పుడు కావలసింది మన తాపీమేస్త్రీలు పునాది మట్టం చూసే నీళ్ల పైపు. సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, రోడ్డుకు పక్కగా నడిచే జాగాలో పది మీటర్ల ఎడంగా నిలబెట్టిన రెండు కర్రలకు దాని రెండు చివరలూ ఆనించి పట్టుకోవాలి. రెండు చివర్లలో నీరు ఒకే మట్టానికి వచ్చి నిలుస్తుంది. అక్కడి నుంచి నేల దాకా టేపుతో కొలవాలి. ఎక్కువ కొలత వచ్చిన వైపే పల్లం. 86కు ఒకటి వాలు ఉన్నచోట పది మీటర్లకు 11 సెంటీమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది, సుమారు అరజానెడు. కళ్లెదుట ఎక్కుతున్న రోడ్డు, చేతిలో అది దిగుతోందని చెప్పే టేపు. జియోకాషింగ్‌లో ఇంతకంటే గట్టి పట్టు ఏ డబ్బీలో దొరుకుతుంది?

పెట్టె చేతికి తగలకపోతే ఆట ఆటే కాదనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. మూత తీసి పేరు రాయడంలోని ఆనందాన్ని కాదనలేం. వాళ్లకోసం అంచెలంచెలుగా సాగే మల్టీ రకం ఉండనే ఉంది. కొండ దగ్గర కొలత మాత్రమే తీసుకోవాలి, పెట్టె అక్కడికి కాస్త దూరంలో, రోడ్డుకు తగలని చోట, స్థలం యజమాని ఒప్పుకున్న చోట ఉండాలి. పెట్టె ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాల్లో పల్లం తూర్పున అనుకున్నవాడికి ఒక అంకె, పడమర అనుకున్నవాడికి మరో అంకె ఇచ్చి, పది మీటర్లకు ఎన్ని సెంటీమీటర్లో కూడా అడిగితే కన్నును నమ్మినవాడు పెట్టెకు చేరడు. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఎర్త్‌కాష్ గురించి వస్తుంది. భ్రమ మెదడులో పుట్టేది, దానికీ భూవిజ్ఞానానికీ సంబంధమేమిటని. కన్ను పొరబడటం మనస్తత్వ శాస్త్రమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పొరపాటుకు కావలసిన సరంజామా అంతా నేలదే. పక్కవాలును ఏ వాగు కోసింది, దిగంతాన్ని ఏ కొండ కప్పింది, రాళ్లూ మట్టీ జారి ఏ కోణంలో నిలిచాయి అన్న ప్రశ్నలు లేకుండా ఆ భ్రమకు వివరణే లేదు. ప్రశ్నలు ఆ దిశగా వేస్తే పాఠం నిలబడుతుంది. ‘మీ కారు ఎటు కదిలింది?’ అని మాత్రమే అడిగి వదిలేస్తే నిలబడదు, ఎర్త్‌కాష్‌లను ప్రచురించేముందు చూసే పరిశీలకులు అలాంటి ప్రతిపాదనను తిప్పికొట్టినా తప్పుపట్టలేం.

రహస్యం విప్పితే వింత చచ్చిపోతుందన్న బెంగ కొందరిది. ఇది నిజం కాదు. బ్రెసాన్ బృందం తమ నమూనాల మీద, పరీక్ష అయ్యాక, ఒక చిన్న టేపు చుట్టను వదిలితే అది ఎగువకు దొర్లుతున్నట్టు కనిపించి చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు, కొందరు భయభక్తులతో చూశారు. బొమ్మరోడ్డని తెలిసీ అలా. ఎలక్ట్రిక్ బ్రే దగ్గర వివరం రాతి మీదే చెక్కి ఉంది, అయినా జనం వస్తూనే ఉన్నారు. కొలత తెలిసిన తర్వాత కూడా రోడ్డు ఎక్కుతున్నట్టే కనిపించడం ఈ చోట్ల గొప్పతనం. తెలిసినా మానని మోసాన్ని పిల్లలకు ఒక్కసారి చూపిస్తే, కళ్లారా చూశానన్న మాటను సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవాలో వాళ్లకు పాఠ్యపుస్తకం కంటే బాగా తెలుస్తుంది.

అమెరికాలో, బ్రిటన్‌లో ఈ ఆట ఆడుతున్న తెలుగువాళ్లకూ, వచ్చే వేసవిలో లద్దాఖ్ బయల్దేరేవాళ్లకూ ఒక విన్నపం. అక్కడ డబ్బీ ఏదీ అంటించి రాకండి. బండిని రోడ్డు మీద కాకుండా ఆపుకునే జాగాలో పెట్టండి. ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు కాబట్టి మామూలు ఫోనుతో సరిపెట్టుకోండి. సామానులో పది మీటర్లకు మించిన పైపు, ఒక టేపు వేసుకెళ్లి, మీకు వచ్చిన కొలతను ఏ తేదీన, ఏ చోట, ఎంత ఎడంలో తీశారో రాసి అందరికీ తెలిసేలా పెట్టండి.